శనివారం గడిలో సంతకం

మా పరిశోధనశాలకు రాకముందు ఇర్మా ఫెర్‌హాఖె చేతితొడుగులు కుట్టేది. టీనెన్ అనే ఊళ్ళో ఒక దుకాణం వెనుక గదిలో పదకొండేళ్ళు పలచని మేకతోలు మీద కంటికి ఆనని కుట్లు వేసింది. ఆ దుకాణం మూతపడ్డాక, 1963లో, లూవెన్ నగరం పొలిమేరల్లో ఉన్న మా కంటి పరిశోధనశాల వాళ్ళు పత్రికలో ఇచ్చిన ప్రకటన చూసి వచ్చింది. పెద్ద చదువు అక్కర్లేదనీ, చెయ్యి మాత్రం వణకకూడదనీ అందులో ఉందట. ప్రొఫెసర్ గోరిస్ ఆమె ముందు కబేళా నుంచి తెచ్చిన ఆవు కన్నొకటి పెట్టి, వెనుక పొర చిరక్కుండా విడదీయమన్నాడు. ఇర్మా కోటు కూడా విప్పకుండా కూర్చుని పావుగంటలో తీసి పళ్ళెంలో పరిచిందట.

"తోలుకంటే ఇదే నయం, తడిగా ఉంది" అందట.

నా పేరు యోస్. అదే అంతస్తులో నాది కోతపని. ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు కింద పెట్టడానికి కంటి ముక్కల్ని వెంట్రుకలో వెయ్యోవంతు మందాన కోసి ఇచ్చేవాణ్ణి. ఇర్మా కన్ను తీసేది, నేను కోసేవాణ్ణి, చదువుకున్నవాళ్ళు చూసి అర్థం చెప్పేవాళ్ళు. అలా ఇరవై ఏళ్ళు ఒకే కెటిల్ కాఫీ తాగాం. కాబట్టి ఇది నేను చెప్పొచ్చు. ఇందులో నేను తలదించుకోవాల్సిన చోటు కూడా ఒకటుంది. దాన్ని దాటవేయను.

ఎలుకల గదుల బాధ్యత కూడా ఇర్మాదే. గది తలుపు వెనుక నెలకో కాగితం వేలాడేది. చూడాల్సిన రోజుకో గడి; వరస సెలవులొస్తే మధ్యలో ఒక్క రోజు చూస్తే చాలు. ఎవరు చూసినా తిండి, నీళ్ళు, వెలుగు సరిగ్గా ఉన్నాయని రాసి కింద సంతకం పెట్టాలి. పదిహేడేళ్ళలో ఒక్క గడి కూడా ఖాళీగా లేదు. బయటి నుంచి ఎవరైనా వస్తే ప్రొఫెసర్ ఆ కాగితం చూపించి, "ఇర్మా రాసిందంటే జరిగినట్టే" అనేవాడు. ఆ మాట విన్నప్పుడల్లా ఆమె ఏదో పని ఉన్నట్టు అటు తిరిగేది. మెడ మాత్రం ఎర్రబడేది.

1979 శరదృతువులో గ్రీట్ వౌటెర్స్ డాక్టరేట్ చేయడానికి వచ్చింది. ఇరవై ఆరేళ్ళ పిల్ల. డీస్ట్‌లో సైకిళ్ళు బాగుచేసేవాడి కూతురు. నవ్విందంటే కింది అంతస్తు వరకూ వినబడేది. మిగతా విద్యార్థులు భోజనానికి పెద్ద హాలుకు వెళితే, ఆమె తన రొట్టె డబ్బా తెచ్చుకుని ఇర్మా పక్కన కూర్చునేది. ఇర్మాకు పిల్లల్లేరు. రెండు వారాలు తిరిగేసరికి ఆమె డబ్బాలో కూడా రెండో యాపిల్ కనబడసాగింది.

ఒకరోజు ఇర్మా అడిగింది. "అసలు నువ్వు వెతికేదేమిటే పిల్లా? తెల్లారి ఏడున్నరకే ఎలుకల కళ్ళు తియ్యమంటావు. ఎనిమిదింటికి తీస్తే కొంపలు మునుగుతాయా?"

"మునుగుతాయి" అంది గ్రీట్ నోట్లో రొట్టెతోనే. "గదిలో దీపాలు ఆరింటికి వెలుగుతాయి కదా. వెలుగు పడ్డ గంటన్నరకి కళ్ళలో పెద్ద రాలుడు జరుగుతుంది. అది అయిపోయాక చూస్తే నాకేం మిగులుతుంది?"

"రాలుడేమిటి?"

"వెలుగును పట్టేవి దండకణాలని ఉన్నాయి చూడండి, ఒక్కోటీ బిళ్ళల మీద బిళ్ళలు పేర్చిన దొంతరలా ఉంటుంది. రోజూ పొద్దున్నే కొస నుంచి కొన్ని పాత బిళ్ళలు రాలిపోతాయి, అడుగు నుంచి కొత్తవి పుట్టుకొస్తాయి. రాలినవాటిని వెనకున్న రంగుపొర కణాలు మింగేస్తాయి. రోజూ, బతికున్నన్నాళ్ళూ."

"మా అత్తగారిలాగన్నమాట. బల్ల మీద మిగిలిందంతా ఆవిడే లాగించేది."

"మింగడం గొప్ప కాదు ఇర్మా, అరగాలి. కణం లోపల చిన్న చిన్న తిత్తులుంటాయి, లైసోసోములు. వాటిలోని ఎంజైములు బిళ్ళల్ని తునకలు తునకలు చేసి, పనికొచ్చేది వెనక్కి పంపుతాయి. వయసు మళ్ళేకొద్దీ అరగని మడ్డి కాస్త కాస్తగా మిగిలిపోతుంది. ముసలివాళ్ళ కళ్ళలో అది గుట్టలుగా ఉంటుంది. నేను అడిగేది ఒక్కటే. మందు వేసి ఆ ఎంజైముల్ని ఆపేస్తే కుర్ర ఎలుక కంట్లో కూడా మడ్డి పేరుకుంటుందా? పేరుకుంటే దండకణాలు బతుకుతాయా, చస్తాయా?"

ఇర్మా యాపిల్ కోసి సగం ఆమె ముందు పెట్టింది. "మా అత్తగారికి అరక్కపోతే ఇంటిల్లిపాదికీ నిద్ర ఉండేది కాదు" అంది.

గ్రీట్ నవ్వు ఆ రోజు కింది అంతస్తు దాటి వెళ్ళింది.

తరవాతి వసంతంలో అసలు పని మొదలైంది. ఎనభై తెల్ల ఎలుకలు. సగం వాటికి కంట్లో ఎంజైముల్ని ఆపే మందు ఎక్కించాలి, మిగతా సగానికి ఉత్త ఉప్పునీరు. అన్నీ ఒకే గదిలో పట్టలేదు. మందు పడ్డవాటిని పెద్ద గదిలో, ఉప్పునీరు పడ్డవాటిని పక్క గదిలో పెట్టమన్నాడు ప్రొఫెసర్. ఆవగింజంత చుక్కను ఎలుక కంట్లోకి ఎక్కించగల చెయ్యి మా దగ్గర ఒకటే ఉంది కాబట్టి సూది ఇర్మాయే పట్టుకుంది.

తెల్ల ఎలుకల కళ్ళకు రంగు ఉండదు. రంగుపొర అన్నది వాటిలో పేరుకే. అందుకని ఎక్కువ వెలుగు పడితే వాటి దండకణాలు మాడిపోతాయి. పన్నెండు గంటలు వెలుగు, పన్నెండు గంటలు చీకటి, గడియారపు మీట ప్రకారం నడవాలి. ఉద్యోగంలో చేరిన మొదటి రోజే ఇర్మాకు ఈ సంగతి చెప్పారు. ఆమెకు తెలియక జరిగిందని ఎవరూ అనలేరు. ఆమె కూడా ఎప్పుడూ అనలేదు.

ఆ మే నెలలో క్రీస్తు ఆరోహణ పండుగ గురువారం వచ్చింది. శుక్రవారం కూడా సెలవిచ్చేశారు. ఆదివారం టీనెన్‌లో ఇర్మా చెల్లెలు పౌలా ఇంట్లో పెద్ద వేడుక. పౌలా కూతురికి చర్చిలో మొదటి కమ్యూనియన్ సంస్కారం, నలభై మంది బంధువులు, అన్నం, పాలు కలిపి కాల్చే తీపి టార్టులు ఇరవై. బుధవారం సాయంత్రం ఇర్మా చివరి సూదులు వేసి, నాలుగు రోజులకు సరిపడా తిండి, నీళ్ళు నింపుతోంది. ఆరు కాగానే గడియారం పెద్ద గది దీపాలు ఆర్పేసింది. ఇంకా పదకొండు సీసాలు మిగిలాయి. ఆమె మీటను గడియారం నుంచి తప్పించి 'చేతి' వైపుకు తిప్పి దీపాలు వేసుకుంది. పని పూర్తయ్యేసరికి కింద మరిది, పౌలా భర్త, కారు హారను మోగిస్తున్నాడు. ఆమె పని గౌను విప్పి, సంచీ తీసుకుని, కింద ఎదురుచూస్తున్నారన్న హడావిడిలో తలుపు లాగేసి వెళ్ళిపోయింది.

మీట అలాగే ఉండిపోయింది.

శనివారం వచ్చి ఒకసారి చూసిపోవడం ఆమె వంతు. ఆ రోజు పౌలా ఇంట్లో మోచేతుల దాకా పిండి. "ఇప్పుడు లూవెన్ పోయి వస్తావా? ఎలుకలేమైనా నిన్ను పిలిచాయా?" అంది పౌలా. ఇర్మా చేతులు కడుక్కుందామనుకుంది, కానీ పొయ్యి అప్పటికే వేడెక్కింది. తిండి ఉంది, నీళ్ళున్నాయి, ఏమవుతుందిలే అనుకుంది.

సోమవారం పొద్దున ఏడున్నరకు ఆమె తలుపు తీసింది. దీపాలు వెలుగుతున్నాయి. ఆ వేళకు వెలగాల్సిందే కాబట్టి మొదట ఏమీ తోచలేదు. తరవాత మీట వైపు చూసింది. నాలుగు పగళ్ళూ ఐదు రాత్రులూ ఆ గదిలో చీకటి అన్నది లేదు.

ఈ సంగతి ఆమె తరవాత ఎంతోసార్లు చెప్పింది. ప్రతిసారీ ఇక్కడ ఆగి, ఆ మాటల్నే అదే వరసలో చెప్పేది. "మీట వెనక్కి తిప్పాను. కాగితం దగ్గరికి వెళ్ళాను. శనివారం గడి ఖాళీగా ఉంది. కలం తీశాను. 'చూశాను, అంతా బాగుంది' అని రాశాను. సంతకం పెట్టాను. నా చెయ్యి వణకలేదు."

గ్రీట్ ఎనిమిదింటికి వచ్చింది. పౌలా ఇంటి టార్టు ముక్క ఇర్మా చేతిలోంచి లాక్కుని, "నా పిల్లలు ఎలా ఉన్నారు?" అని అడిగింది. ఎలుకల్నే అలా అనేది.

"బాగున్నాయి" అంది ఇర్మా.

రేపు చెబుదామనుకుంది. రేపు వచ్చేసరికి, ఎల్లుండి కళ్ళు తీశాక ఏమీ తేడా లేకపోతే చెప్పే పనే ఉండదు కదా అనుకుంది. పదిహేడేళ్ళుగా అందరూ మెచ్చుకున్న కాగితం మీద తాను పెట్టిన దొంగ సంతకం సంగతి నోటితో చెప్పే ధైర్యం ఆమెకు లేకపోయింది.

కళ్ళు తీసింది. ముక్కలు నా దగ్గరికొచ్చాయి. కోసి, బొమ్మలు తీసి గ్రీట్ ముందు పెట్టాను. ఆమె కుర్చీలోంచి లేచి నిలబడింది. రంగుపొర కణాల నిండా అరగని బిళ్ళల గుట్టలు. అది ఆమె ఎదురుచూసిందే. కానీ దండకణాలు కూడా సగానికి సగం పోయాయి. ఉప్పునీటి ఎలుకల్లో అన్నీ క్షేమం.

"చచ్చాయి యోస్! మడ్డి పేరుకుంటే దండాలు చచ్చాయి! ముసలివాళ్ళ చూపు ఎందుకు పోతుందో చూడండి, ఇదిగో, ఇక్కడుంది!" గ్రీట్ నా తల పట్టుకుని నుదుటి మీద ముద్దుపెట్టింది. తరవాత పరుగెత్తుకుంటూ వెళ్ళి ఇర్మాను వాటేసుకుంది. "మీ చేతులు బంగారం!"

ఇర్మా చేతులు రెండూ పక్కలకు వేలాడదీసుకుని నిలబడింది. అలిసిపోయిందేమో అనుకున్నాను.

నా సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. ముక్కలు కోసేటప్పుడు నేనొకటి గమనించాను. దెబ్బ అంతటా ఒకేలా లేదు. రెటీనా పైసగంలో దండకణాలు బాగా పోయాయి, కిందిసగంలో తక్కువ. వెలుగు వల్ల పాడైన ఎలుక కళ్ళను అంతకుముందు కోసినవాణ్ణి నేను. అవి సరిగ్గా ఇలాగే ఉంటాయి. నా నోటుపుస్తకంలో పెన్సిలుతో బొమ్మ కూడా గీశాను. గీసి, పుస్తకం మూసేశాను. కోసి ఇవ్వడం నా పని, అర్థం చెప్పడం వాళ్ళ పని అని నాకు నేనే చెప్పుకున్నాను. అందరూ సంబరంలో ఉంటే మధ్యలో నోరెత్తి తెలివితక్కువవాణ్ణి అనిపించుకోవడం ఎందుకనే గానీ, అంతకు మించిన కారణం లేదు.

మరుసటి ఏడాది మొదట్లో వ్యాసం అచ్చయింది. చివర్లో 'నిపుణమైన సహాయం చేసిన' ఇర్మాకు కృతజ్ఞతలు అని ఉంది. గ్రీట్ ఆ పుటకు గీటు పెట్టి మరీ చూపించింది. ఇర్మా కళ్ళజోడు తెచ్చుకోలేదని చెప్పి చదవలేదు. కళ్ళజోడు ఆమె గౌను జేబులోనే ఉంది. నాకు కనబడింది.

ఆ తరవాత గ్రీట్ అదే ప్రయోగం మళ్ళీ చేసింది, ఈసారి మందు మోతాదు మార్చి. మడ్డి పేరుకుంది, దండకణాలు మాత్రం చెక్కుచెదరలేదు. పాత మోతాదుతోనే ఇంకోసారి చేసింది. మళ్ళీ అంతే. మందు పాతబడిందేమోనని కొత్తది తెప్పించింది. కొలతలో తప్పేమోనని తక్కెడ మార్చింది. మూడోసారి, నాలుగోసారి. 1981 అంతా అలాగే గడిచింది. నవ్వు కింది అంతస్తుకు వినబడటం ఎప్పుడు ఆగిపోయిందో మేమెవరం గమనించలేదు.

"నేనే ఏదో తప్పు చేస్తున్నాను ఇర్మా. మీ సూది అదే, ఎలుకలవే, గది అదే. మారింది నేనే. మందు కలిపేటప్పుడు నా చేతులు చూడండి, వణుకుతున్నాయా?"

"లేదే."

"నిజం చెప్పండి."

"నీ చేతులు బాగానే ఉన్నాయి పిల్లా" అంది ఇర్మా. అది నిజమే. ఆ రోజు చెప్పిన నిజం అదొక్కటే.

జర్మనీ నుంచి ఒక బృందం ఉత్తరం రాసింది. మీరు చెప్పినట్టే చేశాం, మడ్డి కనబడింది, దండకణాల చావు కనబడలేదు అని. వేసవిలో ఒక సభలో గ్రీట్ మాట్లాడుతుంటే వెనుక వరసలోంచి ఒకాయన లేచి, మీ బొమ్మల్ని మీరు తప్ప ఇంకెవరైనా చూశారా అని మర్యాదగానే అడిగాడు. హాలులో కొందరు నవ్వారు. తిరిగొచ్చాక ప్రొఫెసర్ ఆమెను గదికి పిలిచి తలుపు వేశాడు. ఆ తలుపు పలచనిది.

"లెక్కపెట్టింది నువ్వేనా?"

"నేనే."

"ఉన్నదే లెక్కపెట్టావా, ఉండాలనుకున్నది లెక్కపెట్టావా?"

నడవాలో ఇర్మా కడిగిన సీసాల బుట్ట పట్టుకుని నిలబడి ఉంది. నన్ను చూసి నడిచి వెళ్ళిపోయింది.

1982 అక్టోబరులో గ్రీట్ ఉపకారవేతనం ఆగిపోయింది. డీస్ట్‌లో ఒక బడిలో రసాయనశాస్త్రం చెప్పే పని దొరికింది. వెళ్ళే రోజు మధ్యాహ్నం అందరికీ కాఫీ, వాఫుల్స్ పెట్టింది. వచ్చినవాళ్ళం ఐదుగురం. చివరికి ఇర్మా చేతిలో నీలం ఉన్ని శాలువా ఒకటి పెట్టి, చెవి దగ్గర ఏదో చెప్పింది. ఏం చెప్పిందో ఇర్మా నాకు తరవాత చెప్పింది.

"ఇక్కడ నన్ను అనుమానించని మనిషి మీరొక్కరే."

ఇర్మా శాలువా తీసుకుంది. థాంక్స్ చెప్పింది. అప్పుడు కూడా అసలు సంగతి చెప్పలేదు. ఇంటికెళ్ళి ఆ శాలువాను బీరువా అడుగున పెట్టి, పైన దుప్పట్లు కప్పిందట. భర్త ఫోన్స్ పోస్టుమ్యాన్, కాస్త హాస్యగాడు. "శాలువాకు చలేస్తోందా?" అన్నాడట. ఆమె వంటింట్లోకి వెళ్ళి కుళాయి తిప్పి ఏడ్చింది, నీళ్ళ చప్పుడులో వినబడకుండా.

ఇలా పదకొండు వారాలు. జనవరిలో ఇద్దరు కొత్త విద్యార్థులు చేరారు. సోమవారం పొద్దున తొమ్మిదింటికి అందరం కాఫీ గదిలో కూర్చునేవాళ్ళం. ఆ రోజు ప్రొఫెసర్ గోరిస్ వాళ్ళకు ప్రయోగశాల పద్ధతులు చెబుతూ చెబుతూ గ్రీట్ మీదికి వెళ్ళాడు. పేరు ఎత్తలేదు. ఎత్తాల్సిన అవసరమూ లేదు.

"మన దగ్గర ఒకమ్మాయి ఉండేది. తెలివైనదే. కానీ తను కోరుకున్నది కళ్ళకు కనబడింది. అచ్చువేసింది. ఈ రోజు మనం పంపే ప్రతి వ్యాసాన్నీ జనం రెండుసార్లు అనుమానంగా చూస్తున్నారు. నిజాయితీ లేని చోట..."

ఇర్మా కప్పులు పంచుతోంది. చేతిలో పళ్ళెం బల్ల మీద పెట్టింది. చప్పుడు పెద్దగా రాలేదు, అయినా ఆయన ఆగాడు.

"ఆ పిల్ల అబద్ధం చెప్పలేదు" అంది ఇర్మా. "చెప్పింది నేను."

ఎవరికీ అర్థం కాలేదు. ఆమె గౌను జేబులోంచి నాలుగు మడతలు పెట్టిన కాగితం తీసింది. 1980 మే నెల కాగితం. ఎప్పుడు తీసి దాచుకుందో, ఎన్నాళ్ళుగా జేబులో మోస్తోందో, మడతల దగ్గర పీచు లేచింది.

"ఇదిగో శనివారం. నేను రాలేదు. టీనెన్‌లో టార్టులు చేస్తున్నాను. బుధవారం సాయంత్రం నుంచి సోమవారం దాకా పెద్ద గదిలో దీపాలు వెలుగుతూనే ఉన్నాయి. మీట నేనే తిప్పాను, నేనే మర్చిపోయాను. దండకణాలు చచ్చింది వెలుగు వల్ల. నాకు తెలుసు. ఆ రోజే తెలుసు."

ప్రొఫెసర్ కాగితం తీసుకోలేదు. "రెండున్నరేళ్ళు దాటింది ఇర్మా" అన్నాడు.

"రెండేళ్ళ ఎనిమిది నెలలు."

"నా దగ్గరికి ఒక్కసారి వచ్చి ఉంటే..."

"తలుపు దాకా చాలాసార్లు వచ్చాను. మీరు ఎప్పుడూ, ఇర్మా రాసిందంటే జరిగినట్టే అనేవారు కదా. ఆ మాట పోతుందని. ఆ ఒక్క మాట కోసం ఆ పిల్లను పోనిచ్చాను." కొత్త విద్యార్థులిద్దరూ తమ కప్పుల్లోకి చూస్తూ కూర్చున్నారు.

ఆమె బయటికి వెళ్ళిపోయింది. నేను నా గదికి వెళ్ళి పాత నోటుపుస్తకం వెతికి తీశాను. నడవా చివర కిటికీ దగ్గర ఉన్న ఇర్మాకు పెన్సిలు బొమ్మ చూపించాను. పైసగం, కిందిసగం.

ఆమె పైసగం మీద వేలు పెట్టింది. "నీకూ తెలుసా?"

"అనుమానం వచ్చింది."

"ఆ రోజు నువ్వు ఒక్క మాట అడిగి ఉంటే చెప్పేసేదాన్ని యోస్." వెంటనే తల అడ్డంగా ఊపింది. "లేదు. అబద్ధం. నీ మీదికి తొయ్యాలని చూస్తున్నాను. చెప్పేదాన్ని కాదు."

ఆ మాటతో ఆమె నన్ను వదిలేసింది. నాకు మాత్రం అప్పుడే ఎక్కువ సిగ్గేసింది. పుస్తకం తీసుకెళ్ళి ప్రొఫెసర్ బల్ల మీద పెట్టాను. ఆయన బొమ్మ చూసి, కళ్ళజోడు తీసి, ముక్కు రెండు పక్కలా నొక్కుకున్నాడు. "రెండు గదుల్లో పెట్టమన్నది నేను. ఒకే గదిలో ఉంటే రెండు గుంపులూ పాడయ్యేవి, ఆ రోజే తెలిసేది. ఇంత చిన్న విషయం నాకు తట్టలేదు. ఆ అమ్మాయిని మాత్రం అడగకూడని ప్రశ్న అడిగాను" అన్నాడు. ఆయన నోటి వెంట అలాంటి మాట నేను మళ్ళీ వినలేదు.

ఆ శనివారం ఇర్మా బస్సెక్కి డీస్ట్ వెళ్ళింది. ఫోన్స్ తోడొస్తానన్నా వద్దంది. అక్కడ ఏం జరిగిందో సోమవారం నాకు పూసగుచ్చినట్టు చెప్పింది.

గ్రీట్ తలుపు తీసి, "ఇర్మా! చెప్పకుండా వచ్చారేం? రండి రండి, బయట గడ్డకట్టిపోతారు" అని చెయ్యి పట్టుకుని లోపలికి లాగింది. బల్ల మీద పిల్లల పరీక్ష కాగితాలున్నాయి. ఇర్మా కూర్చోలేదు. కోటు విప్పలేదు. నిలబడే మొత్తం చెప్పింది. బుధవారం, మీట, టార్టులు, సంతకం.

గ్రీట్ మొదట ఒకటే అడిగింది. "అంటే నేను లెక్కపెట్టింది సరైనదేనా?"

"ప్రతి ఒక్కటీ."

గ్రీట్ కుర్చీలో కూర్చుంది. "రెండేళ్ళు నా చేతుల్ని నేను నమ్మలేదు, తెలుసా? బడిలో పిల్లల ముందు గాజుగొట్టం పట్టుకోవాలంటే భయం. కాయితాలు దిద్దేటప్పుడు మార్కులు మూడుసార్లు కూడుతున్నాను. మా నాన్నయితే, ఎవరికీ చెప్పనులే, నాకు చెప్పు, నిజంగా చూశావా లేక ఊహించుకున్నావా అని అడిగాడు. మా నాన్న!"

ఇర్మాకు కన్నీళ్ళు ఆగలేదు.

"ఏడవకండి" అంది గ్రీట్. కోపంగా కాదు, అలిసిపోయినట్టు. "మీరు ఏడిస్తే నేను ఓదార్చాల్సి వస్తుంది. ఆ పని నేను చెయ్యను."

ఇర్మా కళ్ళు తుడుచుకుంది. ఏం చెయ్యమంటే అది చేస్తానంది.

గ్రీట్ పరీక్ష కాగితాలు పక్కకు జరిపింది. "మడ్డి నిజం కదా? ఎంజైములు ఆగితే కణాల్లో పేరుకోవడం. అది ఐదుసార్లూ వచ్చింది. దాన్ని సరిగ్గా చేసి నా పేరుతో బయటికి తెమ్మనండి. ఒకే గదిలో. మీ చేత్తోనే చెయ్యాలి. ఇంకెవరు చేసినా మళ్ళీ మొదటి నుంచి అనుమానం." తరవాత తలుపు తీసి పట్టుకుంది. "బస్సు ఇరవై నిమిషాల్లో ఉంది, మేడమ్ ఫెర్‌హాఖె."

అంతకుముందు ఆమె ఎప్పుడూ అలా పిలవలేదు.

ప్రొఫెసర్ పాత వ్యాసానికి దిద్దుబాటు రాసి అచ్చువేయించాడు. కారణం దాచలేదు. ఇర్మాను ఉద్యోగంలోంచి తీయలేదు. ఆమె తనకు తానే ఎలుకల గదుల తాళాలు తెచ్చి బల్ల మీద పెట్టింది. ఏడాదిపాటు సీసాలు కడిగింది. ఎవరూ ఒక్క మాట అనలేదు. తిట్టి ఉంటే తేలిగ్గా ఉండేదని నాతో రెండుమూడుసార్లు అంది. అందరూ మర్యాదగా పక్కకు తప్పుకుని దారి ఇస్తుంటే ఆమెకు నడవాలో నడవడమే కష్టమయ్యేది.

సూది పని మాత్రం గ్రీట్ కోరినట్టే చేసింది. నలభై ఎలుకలు, ఒకే గది. గోడ మీటకు ప్రొఫెసర్ మూత బిగించాడు. నేను ఒక్కో కంటినీ పైసగం వేరు, కిందిసగం వేరుగా కోశాను, ఎవరూ అడక్కుండానే. ఏ కన్ను ఏ గుంపుదో తెలియకుండా ఇద్దరు విడివిడిగా లెక్కపెట్టారు. ఎంజైములు ఆగిన కళ్ళలో మడ్డి గుట్టలుగా ఉంది. ప్రయోగం నడిచిన పది రోజులూ దండకణాలు తట్టుకున్నాయి. ఏళ్ళ తరబడి పేరుకుంటే ఏమవుతుందో ఆ ప్రయోగం చెప్పలేదు. చెప్పిందల్లా అంతే. మొదటి వ్యాసంలా గంతులు వేయించే ఫలితం కాదు. జర్మనీ వాళ్ళు మాత్రం, మాకూ సరిగ్గా ఇదే వచ్చింది అని రాశారు.

గ్రీట్ బడి పని మానకుండానే సాయంత్రాలు వచ్చి రాసుకునేది. ఇర్మా ఉండని వేళ చూసుకుని వచ్చేది. ఇర్మా కూడా ఆ వేళకు ముందే వెళ్ళిపోయేది. 1985 జూన్‌లో గ్రీట్ డాక్టరేట్ సభ జరిగింది. ఇర్మా పెట్టెలో దాచిన మంచి కోటు వేసుకుని వచ్చింది, లోపలికి మాత్రం రాలేదు. తలుపు బయట బల్ల మీద కూర్చుని విన్నది. చప్పట్లు వినబడగానే లేచింది.

"లోపలికి రా, కాసేపు ఉండు" అన్నాను.

"నా మొహం చూసి ఆమె ఇవాళ్టి రోజు పాడు చేసుకోకూడదు" అని మెట్లు దిగి వెళ్ళిపోయింది.

గ్రీట్ డీస్ట్ బడిలోనే ఉండిపోయింది. పరిశోధనలోకి మళ్ళీ రాలేదు. రమ్మని ప్రొఫెసర్ రెండుసార్లు ఉత్తరం రాశాడు. తనకు పిల్లలతోనే బాగుందని జవాబిచ్చింది. అది నిజమో, మా మీద కోపమో, రెండూనో నాకు తెలియదు. ఆమె సిద్ధాంతగ్రంథం చివర సహాయం చేసినవాళ్ళ పేర్లు వరసగా ఉన్నాయి. వాటిలో ఇర్మా పేరు ఉంది, ఏ విశేషణమూ లేకుండా. ఒక ప్రతి ఇర్మాకు కూడా పోస్టులో వచ్చింది. లోపల ఉత్తరమేమీ లేదు.

ఇర్మా 1993 దాకా పనిచేసింది. చివరి ఏళ్ళలో ఎలుకల గదుల తాళాలు మళ్ళీ ఆమెకే ఇచ్చారు. కొత్తగా ఎవరు చేరినా మొదటి రోజే పెద్ద గదిలో నిలబెట్టి జరిగింది మొత్తం చెప్పేది, తన పేరుతో, గ్రీట్ పేరుతో. ఒకసారి ఒక కుర్రది నొచ్చుకుని, "ఎందుకండీ మీ మీద మీరే ఇలా చెప్పుకుంటారు? ఎప్పటి సంగతో కదా" అంది.

ఇర్మా మెడ ఎర్రబడింది. "నాకు ఎప్పటి సంగతో కాదమ్మా" అని, ఎలుకలకు నీళ్ళు ఎలా పట్టాలో చూపించడం మొదలుపెట్టింది.